కణానికీ కణానికీ నడుమ ఒక రేవు

చేనుగట్టు మీద వట్టికాళ్లతో నడుస్తుంటే తుమ్మముల్లు దిగింది. కాలు చటుక్కున పైకి లేచింది. "అమ్మా!" అన్న కేక ఆ తరవాత వచ్చింది. నొప్పి తెలిసింది కాబట్టి కాలు తీశామని మనం అనుకుంటాం. నిజానికి కాలు లేచాకే నొప్పి తెలిసింది.

కుడికాలు లేచిన క్షణంలోనే ఎడమకాలు బిగుసుకుని ఒంటి బరువంతా తన మీద వేసుకుంది. లేకుంటే మనిషి తూలి పడాలి. ఎడమకాలికి ఆ సంగతి చెప్పింది మెదడు కాదు. ముల్లు కబురు మెదడుకు చేరి అర్థమయ్యేలోపే పని ముగిసిపోయింది. వెన్నెముక లోపల చిటికెనవేలి మందాన ఉండే వెన్నుపాము తనంతట తాను ఇచ్చిన ఆజ్ఞ అది. బడిలో ప్రతీకార చర్య అని చదువుకున్నది దీన్నే. మొత్తం పట్టిన కాలం సెకనులో పదోవంతు, అటూ ఇటూ. రెప్పపాటు అంటామే, అదీ ఇంతకన్నా తక్కువేమీ కాదు.

ఆ పదోవంతు సెకనును విప్పి చూస్తే లోపల ఉప్పు కనబడుతుంది, మెరుపు కనబడుతుంది, అన్నిటికన్నా విచిత్రంగా ఖాళీ కనబడుతుంది. మన నాడీమండలపు గొప్పతనం దాని దారుల్లో ఎంత ఉందో, ఆ దారులు తెగిపోయిన చోట్లలో అంతకు మించి ఉంది. ముల్లు వెంట బయలుదేరి వెళితే ఆ చోట్లన్నీ ఒక్కొక్కటిగా ఎదురవుతాయి.

ఒకటే కణం, మీటరు పొడవు

మనం నరం అని పిలిచేది ఎన్నో సన్నని పోగుల కట్ట. అందులో ఒక్కో పోగు ఒక్కో కణానిది. పాదంలోని ముల్లు సంగతిని పసిగట్టే కణం పాదంలో ఉండదు. దాని ఒడలు నడుము కింద, వెన్నుపాము పక్కన ఒక చిన్న బుడిపెలో దాగి ఉంటుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటే అదే పెద్దది. అక్కడి నుంచి ఒక కొమ్మ తొడ, పిక్క, మడమ దాటుకుంటూ కాలివేలి చివర దాకా సాగుతుంది. రెండో కొమ్మ వెన్నుపాములోకి దూరుతుంది. ఎదిగిన మనిషిలో ఆ పొడవు ఇంచుమించు ఒక మీటరు, అంటే కణం ఒడలికి ఇరవై వేల రెట్లు. అంత దూరాన ఉన్న కాలివేలు కూడా ఆ ఒక్క కణంలో భాగమే.

అంత పొడుగాటి కణాన్ని పోషించడం చిన్న పని కాదు. కొసకు కావలసిన ప్రోటీన్లు చాలామటుకు నడుము దగ్గరే తయారై, పోగు లోపల సన్నని నాళికల వెంట ప్రయాణించి కిందికి చేరాలి. ఆ సరుకును మోసే అణువులు అడుగులో అడుగు వేస్తూ, మహా వేగంగా నడిస్తే రోజుకు 40 సెంటీమీటర్లు పోతాయి. నడుము నుంచి కాలివేలికి రెండు మూడు రోజుల నడక. ఈ కణం మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే పుట్టింది. మళ్లీ విభజన చెందదు. ఎనభై ఏళ్ల ముసలమ్మ పాదాన్ని కాచేది ఆమెతో పాటు పుట్టిన ఆ కణమే.

మిరపకాయ మంట

పోగు కొసన, చర్మం కింద, కణం పొరలో కొన్ని ప్రోటీను ద్వారాలు ఉంటాయి. ఒక్కో ద్వారం ఒక్కో దెబ్బకు తెరుచుకుంటుంది. ఒకటి ఒత్తిడికి, ఒకటి చలికి, ఒకటి వేడికి. వేడిని పట్టే ద్వారం ఏమిటో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. వెతకడానికి ఆయన చేతపట్టుకున్న సాధనం మిరపకాయలోని కారం, అంటే కాప్సైసిన్. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే ద్వారం, ఆ కారం తగిలినా తెరుచుకుంటుందని తేలింది. ఈ పనికి ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

గుంటూరు కారం నాలుకను కాల్చదు. అక్కడి వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగదు. కాలిందన్న కబురు మాత్రం నిజంగా కాలినప్పటిలాగే మెదడుకు చేరుతుంది. మెదడు నమ్ముతుంది. చెమటలు పడతాయి, ముక్కు కారుతుంది. కాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి చెంబెడు నీళ్లు తాగినా మంట చల్లారదు. పెరుగన్నం ముద్ద పెట్టుకుంటే తగ్గుతుంది.

మరి రామచిలక పండుమిరపకాయను కమ్మగా ఎలా తింటుంది? పక్షుల్లోనూ వేడిని పట్టే ఆ ద్వారం ఉంది. దాని ఆకృతిలో చిన్న తేడా ఉండటంతో కారం దానికి అంటదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడి అడవి మిరపను ఎలుకజాతి జీవులు కొరికితే గింజలు నలిగి చస్తాయి. పక్షులు మింగితే గింజ చెడకుండా దూరాన ఎక్కడో పడి మొలుస్తుంది. ఎవరు తినాలో, ఎవరు తినకూడదో ఆ మొక్క మరో ప్రాణి నరాల కొసన తేల్చుకుంది. సుమారు అయిదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఓడలతో మన దేశానికి వచ్చిన ఆ మొక్కే ఇవాళ మన పచ్చడి బండలకు ప్రాణం.

ఉప్పునీటిలో మెరుపు

ద్వారం తెరుచుకుంది. ఇప్పుడు పోగు వెంట పరుగెత్తేది ఏమిటి?

ఇటలీలోని బొలోన్యాలో లుయిజీ గాల్వానీ చచ్చిన కప్ప కాళ్లు విద్యుత్తు సోకితే తన్నుకోవడం చూసి, జీవుల ఒంట్లోనే ఒక విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. ఆ కబురు వేగాన్ని కొలవడం మనిషి తరం కాదని జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలర్ నమ్మేవాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద కొలిచి చూపాడు. సెకనుకు ఇంచుమించు 27 మీటర్లు. మన తలపు మెరుపు వేగంతో పోదనీ, మన ఒంట్లో ఒక చోటి సంగతి ఇంకో చోట తెలియాలంటే కాలం పడుతుందనీ మనిషికి తొలిసారి తెలిసిన రోజు అది.

ఆ విద్యుత్తు ఇళ్లలోని కరెంటు లాంటిది కాదు. దాని ముడిసరుకు ఉప్పు. నాడీకణం వెలుపలి నీటిలో సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఆ తేడా వల్ల కణం పొరకు అటూ ఇటూ 70 మిల్లీవోల్టుల వోల్టేజి నిలిచి ఉంటుంది. చాలా చిన్న అంకె అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. అదే లెక్కన మీటరుకు కట్టి చూస్తే కోటి వోల్టులు దాటుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా మన ఒంట్లోని ప్రతి నాడీకణం ఇంత బిగువును మోస్తూ కబురు కోసం కాచుకుని ఉంటుంది.

ముల్లు తగలగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. వెయ్యో వంతు సెకనులో వోల్టేజి తలకిందులై మళ్లీ సర్దుకుంటుంది. ఆ తలకిందులు పక్క ద్వారాలను తెరుస్తుంది, అవి ఆ పక్కవాటిని. అల అలా ముందుకు పోతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ రహస్యాన్ని ప్లిమత్ సముద్రతీరంలో స్క్విడ్ అనే జలచరం నరంలో చూశారు. ప్రాణభయంతో నీటిని చిమ్ముకుంటూ పారిపోవడానికి దానికి అర మిల్లీమీటరు మందమైన నరపు పోగు ఉంది. మనిషి పోగులకన్నా ఎన్నో రెట్లు లావు కాబట్టి లోపలికి తీగ దూర్చి కొలవగలిగారు. 1939లో మొదలుపెట్టిన పని యుద్ధం వల్ల ఆగి, 1952లో పూర్తయి, 1963లో నోబెల్ తెచ్చింది.

లోపలికి దూకిన సోడియాన్ని తిరిగి బయటికి తోడాలి. లేకపోతే తరవాతి కబురుకు బిగువు మిగలదు. ఆ తోడే పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కో పీతకాళ్ల నరాల్లో కనిపెట్టాడు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. ప్రతి విడతకూ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో ప్రపంచానికి తెలియజేసిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన దాన్ని వేరుచేశారు; జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు కనుక్కున్నాడు. ఒంటి బరువులో నూటికి 2 వంతులే ఉన్న మెదడు ఒంటి శక్తిలో నూటికి 20 వంతులు తింటుంది. అందులో పెద్దవాటా ఈ ఉప్పు తోడే పనికే పోతుంది. ఈ వాక్యం చదువుతున్న ఈ క్షణంలో కూడా మీ తలలో ఆ ఏటీపీ లెక్కకందనంతగా ఖర్చవుతోంది.

రెండుసార్లు వచ్చే నొప్పి

ముల్లు దిగినప్పుడు మొదట చురుక్కుమంటుంది. క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. ఒకే ముల్లుకు రెండు కబుర్లు, రెండు రకాల పోగుల మీద. మొదటి కబురు తెచ్చే పోగుకు మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టి ఉంటుంది. తొడుగుకూ తొడుగుకూ మధ్య చిన్న కణుపులు మాత్రం వట్టిగా ఉంటాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త రాన్వియే పేరున్న ఆ కణుపుల దగ్గరే అల మళ్లీ పుంజుకుంటుంది. మధ్య దూరాన్ని ఇంచుమించు ఒక్క గెంతులో దాటేస్తుంది. రెండో కబురు తెచ్చేది తొడుగు లేని సన్నని పోగు. దాని వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ, మనిషి మెల్లగా నడిచే నడక. కండరాల నుంచి వార్త తెచ్చే లావాటి తొడుగు పోగుల్లో అదే వేగం సెకనుకు 120 మీటర్ల దాకా, అంటే గంటకు 430 కిలోమీటర్లు దాటుతుంది.

స్క్విడ్ వేగం కోసం పోగును లావు చేసింది. మన ఒంట్లో సన్నని పోగుకు తొడుగు చుట్టి అంతకు మించిన వేగం వచ్చింది. ఆ తొడుగే లేకపోతే ఒక్కో కంటి నుంచి మెదడుకు పోయే పది లక్షలకు పైబడిన పోగులు అంత సన్నని నరంలో ఇమిడేవి కావు.

పిల్లవాడు పడి మోకాలు కొట్టుకుంటే అమ్మ పరుగున వచ్చి ఆ చోట అరచేత్తో రుద్దుతుంది. ఏడుపు తగ్గుతుంది. అందులో లాలనతో పాటు శాస్త్రం కూడా ఉంది. స్పర్శను మోసే వేగపు పోగులు వెన్నుపాములో నొప్పి కబురును కొంత అడ్డగిస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ తరవాత వారి సిద్ధాంతానికి ఎన్నో సవరణలు వచ్చాయి. వెన్నుపాములో కబుర్లు యథాతథంగా పైకి పోవనీ, అక్కడ ఒక వడపోత ఉందనీ చెప్పిన ఆ మూలసూత్రం నిలబడింది.

ఆ వడపోత ఎక్కడ జరుగుతుందో చూడాలంటే పోగు ముగిసే చోటికి రావాలి.

రేవు

నాడీమండలమంతా ఒకదానితో ఒకటి కలిసిపోయిన ఒకే వలా, లేక విడివిడి కణాలా? పందొమ్మిదో శతాబ్దపు పెద్ద తగువు ఇది. ఇటలీలోని అబ్బియాతెగ్రాస్సో అనే ఊళ్లో, ఆసుపత్రి వంటగదిని ప్రయోగశాలగా చేసుకున్న కామిల్లో గోల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టే పద్ధతి కనిపెట్టాడు. దాని విశేషం, వందల కణాల్లో ఏ కొన్నిటికో మాత్రమే రంగు పట్టడం. పట్టిన కణం మాత్రం కొమ్మా రెమ్మా సహా పూర్తిగా కనబడుతుంది. ఇది ఒకే వల అని గోల్జీ తేల్చాడు. చిన్నప్పుడు చిత్రకారుడు కావాలని కలలుగన్న స్పెయిన్ దేశస్థుడు శాంతియాగో రమోన్ ఇ కహాల్ అదే రంగుతో, ఇంకా ఓపికగా, పక్షి పిల్లల మెదళ్లలో చూసి బొమ్మలు గీశాడు. ప్రతి కణం విడిగా ముగుస్తోందని 1888లో చెప్పాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఒకే వేదిక మీద ఇద్దరూ ఒకరి మాటకు ఎదురుగా ఒకరు ప్రసంగించారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తీర్పు చెప్పింది. కణాల మధ్య ఖాళీ ఉంది. మన ఒంట్లో కొన్నిచోట్ల కణాలు నేరుగా అతుక్కుని ఉన్నా, అత్యధికభాగం ఖాళీలతోనే నడుస్తుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త షెరింగ్టన్ 1897లోనే ఆ చోటుకు సినాప్స్ అని పేరు పెట్టి ఉంచాడు.

గోదావరి ఒడ్డున బాట ఆగిపోతుంది, అవతలి ఒడ్డున మళ్లీ మొదలవుతుంది. నడుమ రేవు. నడిచి వచ్చినవాడు అక్కడ పడవెక్కాలి. నాడీకణం కొసన జరిగేదీ అదే. విద్యుత్తుగా వచ్చిన కబురు అంచున ఆగిపోతుంది. అక్కడ చిన్న సంచుల్లో నింపి ఉంచిన రసాయనం ఖాళీలోకి విడుదలై, అవతలి కణం మీద తనకోసమే ఉన్న గ్రాహకాలకు తగులుతుంది. అక్కడ మళ్లీ విద్యుత్తు పుడుతుంది. ఆ రేవు వెడల్పు ఇరవై నానోమీటర్లు. దాటడానికి పట్టేది సెకనులో రెండువేల వంతు.

దాటేది రసాయనమేనని రుజువు చేసిన ప్రయోగం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒటో లోవీ కలలోకి వచ్చింది. అర్ధరాత్రి లేచి కాగితం మీద గీసుకున్నాడు. తెల్లవారి చూస్తే తన రాతే తనకు అర్థం కాలేదు. మరుసటి రాత్రి మళ్లీ అదే కల. ఈసారి లేచి నేరుగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఒక కప్ప గుండెకు చేరే వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఆ గుండెకు నరమే లేదు. ద్రవంలోని ఆ పదార్థం అసిటైల్‌కోలిన్. 1921లో ప్రచురించిన ఈ పనికి 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ దక్కింది.

ముల్లు కబురు కాలిని లేపేలోగా ఇలాంటి రేవులు కనీసం మూడు దాటింది. వెన్నుపాములో రెండు, కండరం దగ్గర ఒకటి. కండరం దగ్గర నడిచేది అసిటైల్‌కోలిన్ పడవే.

రేవును మూసే విషం, విప్పే మందు

ఈ రేవు సంగతి మనకన్నా ముందే పాములకు తెలుసు. నాగుపాము విషం కండరం ఒడ్డున గ్రాహకాలను కప్పేస్తుంది. పడవ వస్తుంది గానీ దిగడానికి చోటు లేదు. కట్లపాము విషం ఇవతలి ఒడ్డునే, నరం కొసనే పాడుచేస్తుంది. పడవే బయలుదేరదు. అందుకే కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి కండరం నిలిచిపోతుంది. మనిషి లోపల తెలివిగానే ఉంటాడు. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. వాపూ నొప్పీ పెద్దగా ఉండవు, చాలామందికి కాటు పడిందనే తెలియదు. కోయడం, కట్టు బిగించడం, నాటుమందు కోసం తిరగడం కాకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చి, విరుగుడు మందుతో పాటు ఊపిరిని యంత్రం మీద నిలబెట్టగలిగితే నరం కొస మళ్లీ మొలిచేదాకా ప్రాణం నిలుస్తుంది. ఎంతోమంది అలా బతికి వచ్చారు.

రేవుకు ఇంకో నియమం ఉంది. దాటిన రసాయనం అక్కడే నిలిచిపోకూడదు. ఒక ఎంజైము దాన్ని క్షణంలో ముక్కలు చేస్తుంది. ఒక్క ఎంజైము అణువే సెకనుకు వేల అణువులను తుంచేస్తుంది. పత్తిచేలల్లో, మిరపతోటల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులు ఆ ఎంజైమును బంధిస్తాయి. అప్పుడు అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి ఆజ్ఞ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కంటిపాప సూదిమొన అంత అవుతుంది, చొంగ కారుతుంది, చెమట కమ్ముతుంది, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. పురుగు చచ్చేదీ, రైతు ప్రాణం మీదికి వచ్చేదీ ఒకే కారణంతో. పురుగులోనూ రైతులోనూ ఉన్నది అదే రేవు. దీనికి వైద్యులు మొదట ఇచ్చే మందు అట్రోపిన్. మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఉండే విషం అది. తగిన చేతుల్లో, తగిన మోతాదులో, అదే ప్రాణదాత.

పగ్గం పట్టిన గుండె

నాడీమండలం చేసే పనిలో మనకు తెలియకుండా జరిగేదే ఎక్కువ. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి వందసార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో అది డెబ్బయి దగ్గర ఉండటానికి కారణం లోవీ కప్పలో చూసిన వేగస్ నాడే. రేయింబవళ్లు అది గుండెను వెనక్కి పట్టి ఉంచుతుంది. కుక్క పులిలా మీదికి వచ్చినప్పుడు గుండె ఒక్కసారిగా దడదడలాడేది మొదట ఆ పట్టు సడలడం వల్ల. ఆ వెంటనే ఇంకో జట్టు నరాలు గుండెను అదిలిస్తాయి. ప్రశాంతత అంటే ఏమీ జరగకపోవడం కాదని, నాడులు పూనుకుని నిలబెట్టే స్థితి అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు వేగస్ పట్టు కొంచెం వదులవుతుంది, విడిచినప్పుడు బిగుస్తుంది. నెమ్మదిగా, దీర్ఘంగా ఊపిరి వదిలితే గుండె నిదానించేది అందుకే.

పేగుల గోడల్లో పదికోట్లకు మించిన నాడీకణాలు ఉన్నాయి. మెదడుతో తెగతెంపులైనా అవి పేగును అలలు అలలుగా కదిలించగలవు. మనం తిని మరిచిపోయిన ముద్దను అవి మరిచిపోవు.

పళ్లెం అంచున తరంగం

మనిషి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటిలో 6,900 కోట్లు తల వెనక భాగాన, మెదడు బరువులో పదోవంతే ఉన్న చిన్నమెదడులో కిక్కిరిసి ఉన్నాయి. అక్కడి పర్కింజీ కణం ఒక్కదానికే లక్షకు పైగా రేవులు. అంత ఏర్పాటు దేనికో కూచిపూడి తరంగం చూస్తే తెలుస్తుంది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు మోపి, తల మీద నీళ్ల చెంబుతో, తాళానికి తగినట్టు పళ్లేన్ని కదుపుతూ సాగుతుంది. అరికాలి చర్మం అంచు ఒత్తిడిని చెబుతుంది. కండరాలు ఎంత సాగాయో వాటిలోని నరాల కొసలు చెబుతాయి. చెవి లోపలి మూడు అర్ధవలయాలలో కదిలే ద్రవం తల ఎటు తిరిగిందో చెబుతుంది. చిన్నమెదడు ఈ కబుర్లన్నిటినీ జరగబోయేదానితో సరిచూసి, తప్పు జరగకముందే దిద్దుతుంది.

మొదటిరోజు పళ్లెమెక్కిన పిల్ల పడిపోతుంది. ఏళ్ల సాధన తరవాత పడదు. మధ్యలో ఆమె ఒంట్లో మారిందేమిటి? సముద్రపు నత్త అప్లీసియా మీద శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ దశాబ్దాలు చేసిన పని జవాబిచ్చింది. దాని నాడీకణాలు ఇరవై వేలే, వాటిలో కొన్ని కంటికి ఆనేంత పెద్దవి. నత్త ఒక పాఠం నేర్చినప్పుడు అది కొంతసేపే గుర్తుండే పాఠమైతే రేవులో విడుదలయ్యే రసాయనం ఎక్కువవుతుంది. పదేపదే నేర్చి నిలిచిపోయే పాఠమైతే కొత్త రేవులే మొలుస్తాయి. 2000లో కాండెల్‌కు నోబెల్ వచ్చింది. పసితనంలో మన తలలో అవసరానికి మించి రేవులు పుట్టుకొస్తాయి. వాడినవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. పలకమీద దిద్దిన అక్షరం, గొంతులో నిలిచిన రాగం, వేలికి అబ్బిన నేత, ఒక్కొక్కటీ రేవుల్లో జరిగిన నిజమైన కట్టడం.

నొప్పి తెలియని పాదం

నొప్పి లేకుంటే హాయి అనుకునేవారు వెల్లూరు వైద్యశాలలో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1940ల చివర మొదలుపెట్టిన పని గురించి తెలుసుకోవాలి. కుష్ఠురోగుల వేళ్లు రోగం వల్ల కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా అనుకునేవారు. నిజానికి కుష్ఠు సూక్ష్మజీవి నరాల తొడుగు కణాల్లో కాపురం పెట్టి స్పర్శను చంపుతుంది. ఆ తరవాత వేడి గిన్నె కాల్చినా, మేకు గుచ్చుకున్నా తెలియక, పుండు మీద పుండు పడి వేళ్లు పోతాయి. దాన్ని ఆయన రోగుల దైనందిన జీవితం గమనించి నిరూపించారు. ఇవాళ అదే ఆపద మధుమేహం రూపంలో మన ఇళ్లలో ఉంది. పొడవైన పోగులు ముందు దెబ్బతింటాయి కాబట్టి తిమ్మిరి, మంట పాదాల్లో మొదలవుతాయి, ఆపైన స్పర్శే పోతుంది. సుగరు ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలని వైద్యులు చెప్పేది, ముల్లు గుచ్చుకున్న కబురు ఇక వారి ఒళ్లు చెప్పదు కాబట్టే. తెగిన నరం చేతిలోనో కాలిలోనో అయితే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. వెన్నుపాములో, మెదడులో తెగిన పోగు అలా పెరగదు. బండి మీద తలకు పెట్టుకునే హెల్మెట్ కాపాడేది, మళ్లీ మొలవనిదాన్ని.

ఆగు అనే మాట

రేవు దాటే కబుర్లన్నీ 'చెయ్యి' అని చెప్పవు. 'ఆగు' అని చెప్పే రసాయనాల పనీ అంతే ముఖ్యం. ముల్లుతో పాటు దిగిన మట్టిలో ధనుర్వాతం సూక్ష్మజీవి ఉంటే, దాని విషం నరాల పోగుల లోపలి నాళికల దారినే పైకెక్కి వెన్నుపాము చేరి, 'ఆగు' అనే రసాయనం విడుదల కాకుండా చేస్తుంది. అప్పుడు చిన్న చప్పుడుకే ఒళ్లంతా వింటిబద్దలా బిగుస్తుంది. ఆగు అనే మాట ఎంత విలువైనదో, అది పోయినప్పుడు ఒంట్లో జరిగే ఆ బీభత్సం చెబుతుంది. సమయానికి వేయించుకున్న టీకా దాన్ని రానివ్వదు.

ఆ మాటలోనే మనిషితనం కూడా ఉంది. పొయ్యి మీది నుంచి గంజి గిన్నె దించుతున్న తల్లి చేతిలో మసిగుడ్డ జారింది. వేలు కాలింది. వెన్నుపాము చెప్పే మాట ఒకటే, వదిలెయ్యి. కాళ్ల దగ్గర పాకుతున్న బిడ్డ ఉంది. ఆమె వదలదు. గిన్నెను జాగ్రత్తగా కింద పెట్టాకే చెయ్యి విదిలిస్తుంది. మెదడు నుంచి దిగివచ్చిన పోగులు వెన్నుపాములోని రేవు దగ్గర ఆ ప్రతీకార చర్యను నిలబెట్టాయి. కోట్ల సంవత్సరాల పాత ఆజ్ఞను, ఒక తల్లి తన బిడ్డ కోసం ఆ కొన్ని క్షణాలు రద్దు చేసింది.

గోల్జీ అనుకున్నట్టు నాడీమండలం అతుకుల్లేని ఒకే వల అయి ఉంటే, వచ్చిన ప్రతి కబురూ ప్రతి చోటికీ పాకేది. దాన్ని వడగట్టడానికి, బలపరచడానికి, ఆపడానికి చోటు దొరికేది కాదు. ముల్లు ఎప్పుడూ కాలిని లేపేది, వేడి ఎప్పుడూ చేతిని వదిలించేది, సాధనకూ ఓర్పుకూ ఒంట్లో తావుండేది కాదు. కణాల మధ్య ఖాళీ ఉండటం వల్లనే పాము విషానికి దారి దొరికింది, వైద్యుడి మందుకూ దొరికింది. నర్తకి పాదం నేర్చింది, తల్లి చెయ్యి ఓర్చింది. మనిషి ఏం నేర్చినా, ఏం మరిచినా, ఎవరికోసం ఎంత భరించినా, అది జరిగేది మిల్లీమీటరులో యాభైవేల వంతు వెడల్పున్న ఆ రేవులోనే.